ఒంటిగా ఓడి, జతలో గెలిచిన మందు

రైబావిరిన్ అనే మాత్రను 1990ల మొదట్లో హెపటైటిస్ సి రోగులకు ఒంటిగా ఇచ్చి చూశారు. నెలల తరబడి మింగాక రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు కాస్త దిగాయి. లివర్ వాపు తగ్గుతోందేమో అనిపించింది. తీరా వైరస్‌ను కొలిస్తే మొదట ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది. మందు ఆపగానే ఎంజైములు మళ్లీ పెరిగాయి. అక్కడితో ఆ మందు కథ ముగిసిపోవాల్సింది. ముగియలేదు సరికదా, ఆ తర్వాత పదిహేనేళ్ల పాటు ఈ జబ్బు చికిత్సలో అది తప్పనిసరి మందుగా నిలిచింది. ఇవాళ్టికీ మన జాతీయ హెపటైటిస్ కార్యక్రమపు మందుల జాబితాలో దాని పేరుంది.

ఉన్న చికిత్సకు ఇంకో మందు జోడిస్తే లాభం ఉందా, ఉంటే ఎంత, ఆ లాభం నిజంగా ఆ మందుదేనని ఎలా తేల్చాలి? వినడానికి చిన్న ప్రశ్నే. దీర్ఘకాలిక హెపటైటిస్ సి విషయంలో దీనికి జవాబు వెతకడానికే వేల మంది రోగులు తమ శరీరాలను అప్పగించారు. వాళ్లలో చాలామంది డమ్మీ మాత్రలు మింగినవాళ్లు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా గౌరవం వాళ్ల మీదే.

ముందు జబ్బు సంగతి. ఇది రక్తం ద్వారా సోకుతుంది. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం, డయాలసిస్ గదుల్లో అజాగ్రత్త, ఇవే ముఖ్యమైన దారులు. సోకినవాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఆరు నెలల్లోపు వైరస్‌ను తామే వదిలించుకుంటారు. మిగతావాళ్లలో అది తిష్ట వేస్తుంది. చాలామందికి కామెర్లు కూడా రావు, ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి కాలేయం గట్టిపడి సిర్రోసిస్‌లోకి దిగుతుంది. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మంది ఈ వైరస్‌తో బతుకుతున్నారనీ, 2022లో 2 లక్షల 42 వేల మంది దీనివల్ల చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కాలిఫోర్నియాలోని కైరాన్ కంపెనీలో మైకేల్ హౌటన్ బృందం ఈ వైరస్‌ను పట్టుకున్నది 1989లో. అంతకు మూడేళ్ల ముందే, జబ్బుకు ‘ఎ కాదు, బి కాదు’ అన్న గుర్తింపు తప్ప సొంత పేరు లేని రోజుల్లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జే హూఫ్‌నేగల్ బృందం పదిమంది రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూసింది. ఇంటర్‌ఫెరాన్ మన కణాలే వైరస్‌ల మీద పోరుకు తయారుచేసుకునే ప్రొటీన్. పదిమందిలో ఎక్కువమందికి ఎంజైములు దిగాయి. అలా ఇంటర్‌ఫెరాన్ ప్రామాణిక చికిత్స అయింది. వారానికి మూడు ఇంజెక్షన్లు. ఇంజెక్షన్ పడిన రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు. నెలలు గడిచే కొద్దీ నీరసం, జుట్టు రాలడం, కొందరిలో తీవ్రమైన దిగులు. ఇంత ఓర్చుకున్నా వైరస్ పూర్తిగా పోయేది చాలా తక్కువమందికే.

‘పోవడం’ అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ముందు ముందు వచ్చే అంకెలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. మందు వాడుతున్నప్పుడు రక్తంలో వైరస్ కనిపించకపోవడం ఒక్కటే చాలదు. మందు ఆపాక లోపల మిగిలిన కాస్త వైరస్ మళ్లీ లేవవచ్చు. అందుకని చికిత్స ముగిసిన 24 వారాల తర్వాత కూడా రక్తంలో వైరస్ జాడ లేకపోతేనే నయమైనట్టు లెక్కగట్టేవారు. తర్వాతి కాలంలో ఈ గడువును 12 వారాలకు కుదించారు. ఈ గీత దాటినవాళ్లలో వైరస్ తిరిగి రావడం చాలా అరుదు.

1998లో జాన్ మెక్‌హచిసన్ బృందం అమెరికాలో 912 మందితో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. రోగులను లాటరీ పద్ధతిలో నాలుగు గుంపులు చేశారు. అందరికీ అదే ఇంటర్‌ఫెరాన్. రెండు గుంపులకు దాంతోపాటు రైబావిరిన్, మిగతా రెండింటికి అచ్చం అలాగే కనిపించే డమ్మీ మాత్ర. ప్రతి జతలోనూ ఒక గుంపుకు 24 వారాలు, ఇంకో గుంపుకు 48 వారాలు. ఇంటర్‌ఫెరాన్, డమ్మీ 24 వారాలు తీసుకున్నవాళ్లలో నయమైనది 6 శాతం, 48 వారాలు తీసుకున్నవాళ్లలో 13 శాతం. రైబావిరిన్ జోడించిన గుంపుల్లో 31, 38 శాతం.

ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూస్తే పరీక్షను ఎంత జాగ్రత్తగా అల్లారో అర్థమవుతుంది. 6, 31 అంకెల మధ్య తేడాకు రైబావిరిన్ తప్ప వేరే కారణం లేదు, ఎందుకంటే తక్కినవన్నీ సమానం. 31, 38 అంకెల మధ్య తేడాకు కారణం అదనంగా వాడిన 24 వారాలు. అన్నిటికన్నా నన్ను ఆపేసేది ఇంకొకటి: ఇంజెక్షన్లను రెట్టింపు కాలం పొడిగించినా 13 దగ్గర ఆగిన చికిత్స, ఒంటిగా వైరస్‌ను కదిలించలేని మాత్ర తోడయ్యేసరికి సగం కాలంలోనే 31కి చేరింది. అదే ఏడాది తియెరీ పాయ్‌నార్ నాయకత్వంలో 832 మందితో చేసిన మరో పరీక్షలోనూ ఇదే జరిగింది. 48 వారాల జంట చికిత్సతో 43 శాతం, ఇంటర్‌ఫెరాన్ ఒక్కదానితో 19 శాతం. వేరే డాక్టర్లు, వేరే రోగులు, ఫలితం మాత్రం ఒక్కటే.

రైబావిరిన్ ఊరికే రాదు. అది ఎర్ర రక్తకణాల్లో పేరుకుని వాటిని పగిలేలా చేస్తుంది, దాంతో హిమోగ్లోబిన్ పడిపోతుంది. మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ. గర్భస్థ శిశువుకు ప్రమాదం కాబట్టి భార్యాభర్తల్లో ఎవరు వాడుతున్నా చికిత్స కాలంలోనూ, ఆపిన తర్వాత కొన్ని నెలల వరకూ గర్భం రాకుండా చూసుకోవాలి. పరీక్ష పరంగా కూడా దీనితో ఒక చిక్కు ఉంది. ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో రోగికీ డాక్టరుకూ తెలియకూడదన్నది నియమం. హిమోగ్లోబిన్ హఠాత్తుగా దిగిపోతే డాక్టరుకు గుట్టు తెలిసిపోయినట్టే. అందుకే ఈ పరీక్షల్లో ఫలితాన్ని రోగి చెప్పే మాటకూ డాక్టరు అభిప్రాయానికీ వదలకుండా, ప్రయోగశాలలో కొలిచే వైరస్‌కు ముడిపెట్టడం ఎంతో మేలు చేసింది. రోగి అసలు మందు తీసుకుంటున్నాడని డాక్టరు ఊహించినంత మాత్రాన రక్తంలో వైరస్ తగ్గదు.

తర్వాత ఇంటర్‌ఫెరాన్‌కు పెగ్ అనే పొడవాటి అణువును తగిలించి, వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలేలా చేశారు. 2002లో మైకేల్ ఫ్రీడ్ బృందం 1121 మందిపై చేసిన పరీక్షలో పెగ్ ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్ జంటతో 56 శాతం మందికి నయమైంది. పాత ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్‌తో 44. పెగ్ ఇంటర్‌ఫెరాన్‌కు డమ్మీ జోడిస్తే 29. సూది మెరుగుపడినా రైబావిరిన్ అవసరం తీరలేదు. అక్కడి నుంచి దాదాపు పదేళ్లు ఈ జంటే ప్రామాణిక చికిత్స. కొత్త మందు ఏది వచ్చినా దీని మీద అదనంగా ఏం చేయగలదో చూపించాల్సిందే. సగం మందికి నయం చేసే చికిత్సను ఆపేసి కేవలం కొత్త మందే ఇస్తామంటే ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు.

ఆ కాలంలో ఎన్నో మందులను ఈ జంటకు జోడించి చూశారు. ఫ్లూకూ పార్కిన్సన్ జబ్బుకూ వాడే అమాంటడిన్ మీద చిన్న పరీక్షలు ఆశలు రేపాయి. జర్మనీలో 700 మందికి పైగా రోగులతో, డమ్మీతో పోల్చి చేసిన పెద్ద పరీక్షలో లాభం ఏమీ తేలలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు. ఈజిప్టులో నిటాజోక్సనైడ్‌తో జరిగింది మాత్రం వివరంగా చూడదగ్గది.

ఈజిప్టులో హెపటైటిస్ సి అంతగా వ్యాపించడానికి వెనక ఒక విషాదం ఉంది. నైలు కాలువల నీళ్లలో ఉండే పరాన్నజీవి వల్ల వచ్చే బిల్‌హార్జియా జబ్బును తుడిచిపెట్టాలని 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వం ఊరూరా ఇంజెక్షన్లు వేయించింది. సరిగా మరగబెట్టని సూదులు ఒకరి నుంచి ఒకరికి వైరస్‌ను చేర్చాయి. మంచి కోరి చేసిన పని ఒక తరం మొత్తానికి కొత్త జబ్బు తెచ్చిపెట్టింది. జన్యువుల తేడాను బట్టి ఈ వైరస్‌ను విడదీసిన రకాల్లో అక్కడ ఎక్కువగా ఉన్నది నాలుగో జన్యురకం. ఆ రోగులకు తక్కువ ఖర్చులో మెరుగైన వైద్యం కావాలి. నిటాజోక్సనైడ్ పేగుల్లోని పరాన్నజీవులకు వాడే మాత్ర, చవకైనది, పెద్దగా దుష్ప్రభావాలు లేనిది. 2009లో ఫలితం అచ్చయిన పరీక్షలో 96 మంది చేరారు. వాళ్లలో రెండు గుంపులను చూద్దాం. ప్రామాణిక జంట తీసుకున్న 40 మందిలో 20 మందికి నయమైంది. నిటాజోక్సనైడ్ కూడా జోడించిన 28 మందిలో 22 మందికి. అంటే 50 శాతం ఒకవైపు, 79 శాతం మరోవైపు.

ఈ అంకెలు చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే 28 మంది గుంపులో ఒక్క మనిషి అటు నుంచి ఇటు మారితే మూడున్నర శాతం మారిపోతుంది. 28లో 22 అంటే అసలు విలువ 60 నుంచి 90 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చని గణితం చెబుతుంది. 40లో 20 అంటే 35 నుంచి 65 వరకు. ఈ రెండు పరిధులూ కొసల దగ్గర ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. పైగా నిటాజోక్సనైడ్ తీసుకున్నవాళ్లకు మొదటి 12 వారాలు నిటాజోక్సనైడ్ ఒక్కటే ఇచ్చి, ఆ తర్వాత 36 వారాలు మిగతా మందులు కలిపారు. ప్రామాణిక గుంపుకు మొదటి నుంచీ 48 వారాలు జంట చికిత్స. మందుతో పాటు వరస కూడా మారింది కాబట్టి, 1998 నాటి పరీక్షలో ఉన్న స్పష్టత ఇక్కడ లేదు. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ లాభం నిలబడలేదు. ఈజిప్టులోనే, అదే జన్యురకం మీద చేసిన మరో పరీక్షలోనూ తేడా కనిపించలేదు. మొదటి పరీక్ష చేసినవాళ్లను నేను తప్పుపట్టను. చిన్న పరీక్ష పని పెద్ద పరీక్ష అవసరమని చెప్పడమే. ఆ పెద్ద పరీక్ష జరగకముందే మందుల చీటీలోకి మాత్ర ఎక్కిస్తే నష్టపోయేది రోగి.

ఇక వైరస్‌నే నేరుగా దెబ్బకొట్టే మందులు వచ్చాయి. హెపటైటిస్ సి వైరస్ తన ప్రొటీన్లన్నిటినీ ఒకే పొడవాటి గొలుసుగా తయారుచేసుకుని, ప్రొటియేజ్ అనే ఎంజైముతో ముక్కలుగా కోసుకుంటుంది. టెలాప్రెవిర్ ఆ కోతను ఆపుతుంది. రోగులకు దీన్ని ఒంటిగా రెండు వారాలు ఇచ్చినప్పుడు వైరస్ కొద్ది రోజుల్లోనే వేల వంతులు పడిపోయింది. అయితే కొందరిలో, మందు వాడుతుండగానే, తిరిగి లేచింది. కారణం ఆ వైరస్ పుట్టుకలోనే ఉంది. ఒక రోగి ఒంట్లో రోజుకు లక్ష కోట్ల దాకా వైరస్‌లు పుడతాయి. దాని జన్యువును నకలు తీసే ఎంజైము ప్రూఫులు దిద్దేవాళ్లు లేని అచ్చాఫీసు లాంటిది, ప్రతి ప్రతిలోనూ ఏదో ఒక తప్పు దొర్లిస్తుంది. ఆ తప్పుల్లో కొన్ని మందుకు లొంగని రూపాలు. మిగతావి చచ్చిపోగానే అవి రాజ్యమేలతాయి. కాబట్టి రైబావిరిన్ మాదిరిగానే ఇంత శక్తిమంతమైన మందు కూడా ఒంటిగా నిలవలేదు. కారణం మాత్రం వేరు.

2009లో అచ్చయిన ప్రూవ్-2 అనే యూరప్ పరీక్ష నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలోకెల్లా తెలివైన ప్రశ్న వేసింది: ఇంత బలమైన మందు చేతికొచ్చాక రైబావిరిన్ ఇంకా కావాలా? రోగులను, డాక్టర్లను రక్తహీనత అంతగా విసిగించింది మరి. నాలుగు గుంపులు చేశారు. పాత జంట 48 వారాలు తీసుకున్నవాళ్లలో 46 శాతానికి నయమైంది. మూడు మందులూ 12 వారాలు, ఆపైన జంట ఇంకో 12 వారాలు తీసుకున్నవాళ్లలో 69. మూడు మందులూ 12 వారాలే తీసుకున్నవాళ్లలో 60. అదే 12 వారాలు, రైబావిరిన్ లేకుండా, 36. పాత చికిత్స కంటే కూడా తక్కువ! ఆ గుంపులో చికిత్స చివరికి వైరస్ మాయమైనవాళ్లలో దాదాపు సగం మందికి అది తిరగబెట్టింది. రైబావిరిన్ చేసే పని ఇక్కడ బాగా బయటపడింది. వైరస్‌ను దించడం కన్నా, దిగిన వైరస్ మళ్లీ లేవకుండా చూడటం దాని పని.

రెండేళ్లకు అడ్వాన్స్ అనే పెద్ద పరీక్షలో, 1088 మంది మొదటి జన్యురకం రోగుల్లో, మూడు మందుల చికిత్స 75 శాతం మందికి నయం చేసింది. పాత జంటతో 44. 2011 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ చికిత్సలో ఉన్న మనిషి దినచర్య ఎలా ఉండేదో చూడండి. ఎనిమిది గంటలకోసారి రెండేసి టెలాప్రెవిర్ మాత్రలు, రోజుకు ఆరు. ప్రతిసారీ మాత్రకు ముందు సుమారు 20 గ్రాముల కొవ్వున్న తిండి తినాలి, లేకపోతే మందు రక్తంలోకి ఎక్కదు. అంటే దాదాపు నాలుగు టీ స్పూన్ల నెయ్యికి సరిపడా కొవ్వు, రోజుకు మూడుసార్లు, వికారంతో నోరు చేదెక్కి ఉన్నప్పుడు. దానికి తోడు రైబావిరిన్ అయిదో ఆరో మాత్రలు. వారానికో ఇంజెక్షన్. సగానికి పైగా రోగులకు దద్దుర్లు. కొందరిలో చర్మం ఊడిపోయేంత తీవ్రంగా వచ్చి, అయినా మందు కొనసాగించినవాళ్లలో మరణాలు సంభవించాయని 2012 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టె కట్టిన హెచ్చరిక జారీ చేసింది. 44 నుంచి 75కి ఎక్కిన అంకె వెనక ఈ బాధ కూడా ఉంది. జోడించిన మందు లాభాన్ని లెక్కించేటప్పుడు దాని బరువును కూడా అదే కాగితం మీద రాయాలి. 2014లో టెలాప్రెవిర్ అమ్మకం అమెరికాలో ఆగిపోయింది, ఎందుకంటే అప్పటికే సోఫోస్‌బువిర్ వచ్చేసింది.

సోఫోస్‌బువిర్ వైరస్ నకళ్లు తీసే ఎంజైమునే అడ్డుకుంటుంది. న్యూజీలాండ్‌లో ఎడ్వర్డ్ గేన్ బృందం రెండు, మూడు జన్యురకాల రోగులకు ఇంటర్‌ఫెరాన్ లేకుండా సోఫోస్‌బువిర్, రైబావిరిన్ 12 వారాలు ఇచ్చింది. పదిమందికి పదిమందికీ నయమైంది. రైబావిరిన్ కూడా తీసేసి మరో పదిమందికి ఇస్తే, ఆరుగురికి. గుంపులు చిన్నవే, కానీ వచ్చిన జవాబు పాతదే. అదే మందును పెగ్ ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్‌లకు జోడించి న్యూట్రినో అనే పరీక్షలో 327 మందికి ఇస్తే 90 శాతం నయం. ఇందులో పోల్చడానికి వేరే గుంపే లేదు. పాత పరీక్షల అనుభవాన్ని బట్టి 60 శాతం అని ముందే ఒక గీత గీసుకుని, దాన్ని దాటిందో లేదో చూశారు. తేడా ఇంత పెద్దదైనప్పుడు అది చెల్లుతుందని నేనూ ఒప్పుకుంటాను. తేడా చిన్నదైతే ఈ పద్ధతి మోసం చేస్తుంది. పోలిక గుంపు పెట్టి చేసిన ఫిషన్ పరీక్ష అందుకు సాక్ష్యం. 12 వారాల సోఫోస్‌బువిర్, రైబావిరిన్‌తో మొత్తం మీద 67 శాతం, 24 వారాల పాత జంటతో కూడా 67. మూడో జన్యురకం వాళ్లను విడిగా చూస్తే కొత్త చికిత్సతో 56, పాతదానితో 63. పోలిక గుంపు లేకుంటే ఈ వెనుకబాటు కంటపడేదే కాదు.

ఈ చివరి అంకె మనకు నేరుగా సంబంధించినది. భారతదేశంలో ఎక్కువగా ఉన్నది మూడో జన్యురకమే. అమెరికాలో సోఫోస్‌బువిర్ మాత్ర వెయ్యి డాలర్లు, 12 వారాలకు 84 వేల డాలర్లు పలుకుతున్న రోజుల్లో, 2014 సెప్టెంబర్‌లో జెనరిక్ తయారీకి లైసెన్సు తీసుకున్న ఏడు కంపెనీల్లో హైదరాబాద్ హెటిరో ఒకటి. హైదరాబాద్‌దే అయిన నాట్కో మొదట పేటెంటుకు అభ్యంతరం దాఖలు చేసి, 2015 మార్చిలో తానూ లైసెన్సు తీసుకుంది. మన ఊళ్ల ఫ్యాక్టరీల్లో తయారైన మాత్రలు పేద దేశాల రోగులకు చేరాయి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడు పరీక్షలూ మందులూ ఉచితం. సిర్రోసిస్ లేనివారికి సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్. సిర్రోసిస్ ఉన్నవారికి సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్. ఇంజెక్షన్ లేదు, చాలామందికి 12 వారాల్లో పని పూర్తి. మూడో జన్యురకంలోనే సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ 12 వారాలకు 95 శాతం నయం చేస్తే, సోఫోస్‌బువిర్, రైబావిరిన్ 24 వారాలకు 80 శాతం చేసింది. చాలామంది రోగుల విషయంలో ఇక్కడితో రైబావిరిన్ సెలవు తీసుకుంది.

కాలేయం చేతులెత్తేసి, పొట్టలో నీరు చేరి, కామెర్లు ఎక్కిన రోగులకు మాత్రం సెలవు ఇవ్వలేకపోయారు. అలాంటి 267 మందితో చేసిన ఆస్ట్రల్-4 పరీక్షలో సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ 12 వారాలకు 83 శాతం నయం. అదే చికిత్సను 24 వారాలకు పొడిగిస్తే 86. పొడిగించకుండా రైబావిరిన్ జోడిస్తే 94. మూడో జన్యురకం వాళ్లలో రైబావిరిన్ లేని రెండు గుంపుల్లోనూ సగం మందికే నయమైతే, ఉన్న గుంపులో 85 శాతానికి. ఆ గుంపులో ఉన్నది 13 మంది. ఈజిప్టు పరీక్షను 28 మంది గుంపు అని నిలదీసి, దీన్ని మాత్రం నమ్మడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. 13 మంది లెక్క ఒక్కటే ఉంటే నేనూ నమ్మను. కానీ 1998లో వందల మందిలో, 2002లో, ప్రూవ్-2లో, న్యూజీలాండ్‌లో, పక్కన ఏ మందు ఉన్నా, రైబావిరిన్ తీసేసినప్పుడల్లా ఫలితం పడిపోయింది. ఈ 13 మంది ఆ వరసలో చివరివాళ్లు.

అది లోపల ఎలా పనిచేస్తుందన్న విషయంపై మాత్రం శాస్త్రజ్ఞులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. వైరస్ నకళ్లలో తప్పులను మోయలేనంతగా పెంచుతుందని కొందరు, నకలుకు కావలసిన ముడిసరుకును తగ్గిస్తుందని కొందరు, ఇంటర్‌ఫెరాన్ మేలుకొలిపే జన్యువులను ఇంకా గట్టిగా తట్టిలేపుతుందని మరికొందరు. ఈ వాదన తేలేదాకా రోగి ఆగనక్కర్లేదు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి జాతీయ కార్యక్రమం సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్‌లతో పాటు 12 వారాలు రైబావిరిన్ ఇవ్వమంటోంది. బాగా నీరసించినవారికి సాధారణంగా రోజుకు 600 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, హిమోగ్లోబిన్ చూసుకుంటూ మోతాదు పెంచుతారు. ఆ మాత్ర అసలు పడనివారికి అది లేకుండానే 24 వారాల చికిత్స ఇస్తారు.